లోపల చెప్పాల్సిన మాట

ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రి వరండాలో భార్యాభర్తలు పిలుపు కోసం చూస్తున్నారు. వర్క్‌షాపులో నలిగిన అతని కాలికి నష్టపరిహారం ఇవ్వాలో వద్దో లోపలున్న డాక్టరు తేల్చాలి.

"కూకో మావా. ఎన్నిసార్లు లేస్తావు?"

"కూకుంటే తుంటి లాగేస్తంది, నిలబడితే మోకాలు. ఏటి సెయ్యమంటావు?"

"అదే లోపల సెప్పు. ఎలాగుందని అడిగితే మళ్ళీ ఠీక్ హై అనీసి రాకు."

"సాబ్ అడిగితే నోటికి అదే వొచ్చేస్తాది."

"రాత్రంతా దిండు కరుసుకొని పడుకుంతన్నానని సెప్పు. పంట్లాం నా ఆడదే తొడుగుతందని సెప్పు. దొడ్డికెళ్ళాలన్నా దాని భుజం పట్టుకొని..."

"మెల్లగా! ఆ బల్ల మీదోళ్ళు మన వర్క్‌షాపోళ్ళే."

"ఇననీ. ఇయి సెప్పకపోతే మళ్ళీ ఆ పనికే పంపిస్తారు."

"డాక్టరు బెంగాలీ బాబు. నువ్వూ లోపలికి రా. నువ్వే సెప్పు."

"నాకొచ్చింది సేపల బజారు బెంగాలీ. నువ్వు ఫోర్‌మన్‌తో బెంగాలీలోనే దెబ్బలాడీవోడివి కాదేటి?"

"దెబ్బలాటైతే వొస్తాది. ఈ మాటలు రావు."

లోపలి నుంచి అతని పేరు పిలిచారు.

"పద మావా. కర్ర తీసుకో. నానే సెప్తాను."

"నువ్వు సెప్తన్నంతసేపూ నాను కిటికీకేసి సూస్తాను. నువ్వు మాత్రం నా మొకం సూడకు."