రబ్బరు ఎర

"యాడుండాది ఆయమ్మ? బయటికి పిలువు."

"ఎవరు సుదర్శనూ? ఎవర్ని అడుగుతాండావు?"

"ఎవర్ని అడుగుతాండానో నీకు తెలుసు బావా."

అవుకు జలాశయం గట్టు దిగువన, నెత్తికి తువ్వాలు చుట్టుకుని నీళ్ళ అంచున రాతి మీద కూర్చున్న కిరణ్‌కుమార్‌కు, తన భార్య శ్రీవాసవి తమ్ముడు ఇక్కడ ఊడిపడతాడని కలలో కూడా తోచలేదు. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు గాని సుదర్శన్ కోపం మాత్రం అప్పటికే వచ్చేసింది.

"కోయిలకుంట్లలో మీ అంగడి కాణ్ణుంచి నీ బండి ఎనకాల్నే వస్తాండా. సరుకు కోసం కడపకు పోతాండానని మీ నాయనకు చెప్పి బయలుదేరినావు. జమ్మలమడుగు దావ ఇడిసి ఈ అవుకు దావ ఎందుకు పట్టినావు?"

"ఊరికే. గాలికి."

"గాలికా! కోయిలకుంట్లలో గాలి లేదా? బుధవారం బుధవారం నీకు గాలి ఈడనే వీస్తాదా?"

"గట్టిగా అరవద్దు. బెదురుతాయి."

"ఏం బెదురుతాయి?"

"ఏం లేదు."

"ఆ రేకుల గదిలో ఎవరుండారు?"

"అది మోటారు గది. తాళమేసుండాది, కనపడలేదా?"

"తాళం లోపల నుంచి పడిందా, బయట నుంచి పడిందా?"

"బయట తాళం లోపల నుంచి ఎట్ల పడ్తాదప్పా? నీకు మతి గాని పోయిందా?"

"నాకు కాదు, మా అక్కకు పోతాండాది, నీ దెబ్బకు. ఆ చేతిలో కర్ర ఏంది?"

"కర్రనే."

"కర్రకు దారం ఎందుకుండాది?"

"నువ్వు ముందు కూర్చో. నీళ్ళు తాగుతావా?"

"నీ నీళ్ళు నాకెందుకు? మా అక్క నిన్నట్నుంచి మంచినీళ్ళు ముట్టలే. తెలుసునా నీకు? కడపలో మా ఇంట్లో గోడ తట్టు తిరిగి పండుకోనుండాది. మా అమ్మ ముద్ద కలిపి నోటికాడ పెట్టినా తినలే."

"అమ్మను చూసొద్దామని పోయింటాదిలే అనుకున్నా."

"చూసిపోయేదానికి పెట్టె నిండా చీరలు సర్దుకోని వస్తారా ఎవరన్నా? ఇంగ ఆ ఇంటికి పోనని చెప్పింది. రేపు మీవాళ్ళు మావాళ్ళు పెద్దమనుషులు కూర్చుంటాండారు. ఆ సంగతన్నా తెలుసునా?"

"మా నాయన చెప్పె."

"తెలిసి గూడ ఈడికొచ్చి కూర్చున్నావు! ఏం మనిషివి బావా నువ్వు? సరే, నేనడిగేదానికి చెప్పు. నీ చొక్కాలు ఉతుకుతాంటే జేబుల్లోంచి తళుకులు రాలినాయంట. వంగపండు రంగు తళుకులు. ఆడోళ్ళ చీరలకు ఉంటాయే, అట్లాంటివి. ఏమంటావు?"

"ఊఁ."

"ఊఁ ఏంది ఊఁ! సోంపు వాసన. బుధవారం ఇడిసిన చొక్కా అంతా సోంపు వాసనంట. నువ్వు వక్క గూడ నమలవు."

"సోంపు మా అంగట్లో ఉండాది కదా."

"తక్కిన దినాలంతా అంగట్లోనే ఉంటావే, అప్పుడు రాని వాసన బుధవారమే వస్తాదా? అదీ పోనీ. నీ తలకాయ. పొద్దు మునిగి ఇల్లు చేరేసరికి నీ తల తడిగా ఉంటాదంట. మీ ఇంట్లో వాడని సబ్బు వాసనంట. సరుకుకు పోయినోడు యాడ తానం చేస్తాడు బావా? ఎవరింట్లో చేస్తాడు?"

"దేవునింటి ముందర నుంచే కదా లోపలికి పోవల్ల. తానం చేయకుండా ఎట్ల పోతా?"

"అంటే ఏం ముట్టుకున్నావని తానం?"

"అది..."

"చెప్పు! ఏం ముట్టుకున్నావు?"

"ఆగు. ఆగాగు. దారం లాగుతాండాది. మాట్లాడొద్దు!"

"నేను మాట్లాడొద్దా? మా అక్క కాపరం మునిగిపోతాంటే..."

"నోరు మూసుకోమంటి కదా! పడె! పడె సుదర్శనూ! ఆ తడి గుడ్డ ఇట్ల ఇయ్యి. గుడ్డ, గుడ్డ!"

"ఓర్నాయనో. చేప! అది చేప బావా!"

"కొరమీను."

"చేతుల్తో పట్టుకుంటివే! జంద్యం ఏసుకున్న మనిషివి!"

"అందుకే కదా తానం. ఆ బోరింగు కాడ సబ్బేసి రుద్దుకోని పోతా. ఇదో, చూడు, వదిలేస్తాండా. పోయె. చూసినావా? సంపను. తినను. పట్టేది, వదిలేది. అంతే."

"అంటే ఆడమనిషి లేదా?"

"ఏ ఆడమనిషి?"

"మరి ఆ తళుకులు?"

"ఈ రబ్బరు పురుగువి. పట్టుకోని చూడు. వాసన చూడు, సోంపు. ఆ వాసన తగిలితే చేప నోట్లోంచి ఊసెయ్యదంట. అమెరికావోళ్ళు బాస్ అనే చేపకు ఏస్తారు, ఫోన్లో చూసి తెప్పించినా. ఈడ కొరమీనుకు ఏస్తాండా."

"చీ, మెత్తగా! దూరం పెట్టు. నీకు వానపాములే దొరకలేదా?"

"ప్రాణముండేదాన్ని గుచ్చేదానికి చేయి రాలే. పాపం కదా."

"పురుగుకు గుచ్చితే పాపం, చేప నోట్లో కొక్కి దిగితే పుణ్యమా?"

"వదిలేస్తాండా కదా."

"నోరు చినిగినాక వదిలితే ఎంత, వదలకపోతే ఎంత? ఇదేంది, పురుగును నడిమికి గుచ్చినావు? తలకాయ కాడ కదా గుచ్చేది? చేపలు పట్టేది గూడ సరిగా రాదా నీకు?"

"చూసినోళ్ళంతా అట్లే నవ్వుతారు. నడిమికి గుచ్చితేనే రెండు కొనలూ ఊగుతాయి. నీళ్ళలో ఏసి ఊరికే వదిలెయ్యల్ల. కొనలు ఆడించుకుంటా మెల్లగ దిగుతాది. ఆకలి లేని చేప గూడ వచ్చి పట్టుకుంటాది."

"ఆకలి లేకుంటే ఎందుకు పట్టుకుంటాది?"

"కోపానికి. తన జాగాలోకి ఎవడో వచ్చి ఊగులాడుతాంటే ఓర్చుకోలేదు. అంతసేపు కదలకుండా మెదలకుండా ఉండేది గబుక్కున నోరు తెరుస్తాది."

"అబ్బ! ఇన్ని మాటలొస్తాయా బావా నీకు? ఇన్నేండ్ల కాపరంలో మా అక్కతో ఇన్ని మాటలు మాట్లాడినావా?"

"నువ్వు ఎగతాళి చేసేదానికి వచ్చింటే పో."

"పోయేదే. నువ్వు గూడ రా. బండెక్కు. కడపకు పోయి ఈ మాటే మా అక్కతో చెప్పు. రేపు ఎవరూ కూర్చునే పనే లేదు."

"చెప్పను."

"ఏంది?"

"చెప్పను సుదర్శనూ. చేపల సంగతి చెప్పను."

"మా అక్క అన్నం మానేసి పండుకోనుండాది అంటాండా!"

"ఇన్నా. మా నాయన సంగతి నీకు తెల్దు."

"ఎందుకు తెల్దు? రామకోటయ్య సేటు. వాసవమ్మ గుడి కమిటీకి పెద్ద."

"మిద్దె మీద బాడుగకుండే సారు కోడిగుడ్డు ఉడకబెట్టినాడని సామాన్లన్నీ దావలో పెట్టించినాడు. ఒక్క గుడ్డుకు! కొడుకు జంద్యంతో కొరమీన్లు పడ్తాండాడని తెలిస్తే నన్ను అంగడి మెట్లు ఎక్కనిస్తాడా? ఆయన గుడిలో మొగమెట్ల చూపిస్తాడు?"

"ఆడదాన్ని ఉంచుకున్నాడని తెలిస్తే ఎక్కనిస్తాడా మరి?"

"అది... అది పెద్దోళ్ళు కూర్చోని సర్దుతారు. మనోళ్ళలో అట్లాంటివి శానా సర్దినారు. చేపలను సర్దినోడు ఎవడూ లేడు."

"థూ! ఈ మాట మా అక్క ఇనల్ల!"

"ఊయద్దు. నువ్వేమన్నా తక్కువ తిన్నావా? కడపలో దోస్తు పెండ్లిలో బిర్యానీ తిన్నది నాకు తెల్దనుకున్నావా?"

"ముక్కలు తీసేసి ఉత్త అన్నం తిన్నా!"

"ఆ అన్నం దేంట్లో ఉడికిందో?"

"నా సంగతి మా ఇంటిదానికి తెలుసు. ఆ దినమే చెప్పినా. రెండు దినాలు మాట్లాడలే, మూడో దినం సంకటి పెట్టింది. నీ మాదిరి తళుకులు జేబులో ఏసుకోని తిరగలే."

"నీ పెండ్లాం వేరు."

"మా అక్క ఏం చేసింది? ఏం చేసింది చెప్పు!"

"ఏం చేయలే. శానా తూర్లు చెప్దామనుకున్నా. నోటిదాకా వచ్చె. వాసవికి చెప్తే మా అమ్మకు చెప్తాదేమో అని భయం. మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు."

"మా అక్క చెప్తాదా? తళుకులు చూసి, వాసన చూసి, తడి తలకాయ చూసి, ఇన్నాళ్ళు ఎవరికన్నా ఒక్క మాట చెప్పిందా? మీ అమ్మకు చెప్పిందా? మీ నాయనకు చెప్పిందా? మాకు గూడ మొన్ననే చెప్పె, మా అమ్మ ఏడ్సి ఒట్టు పెడితే."

"చెప్పలేదా? మా అమ్మకు చెప్పలేదా?"

"చెప్పింటే ఊరంతా పాకిండేది కదా! నువ్వు దాచినావు, నీ కోసం మా అక్క గూడ దాచింది."

"ఈడికొస్తే నన్ను ఎవరూ సేటూ అని పిలవరు సుదర్శనూ. చింతపండు ఎట్ల, బెల్లం ఎట్ల అని అడగరు. పుట్టినకాణ్ణుంచి ఆ అంగడే, ఆ గల్లాపెట్టే. ఈ నీళ్ళ కాడనే నాకు ఊపిరాడతాది. ఇది గూడ పోతే నేనేం కావల్ల?"

"మా అక్క పోతే ఏం కావల్లనో అది అడగలే నువ్వు."

"లోపల అడుగుతానే ఉండా."

"లోపల అడిగితే కడపకు ఇనపడదు బావా. ఆఖరు తూరి అడుగుతాండా. వస్తావా, రావా?"

"ఒక పని చెయ్. నువ్వే ఏదన్నా చెప్పు. నీ మాటైతే నమ్ముతాది. మోకాళ్ళ నొప్పికి అవుకులో పసరు వైద్యం చేయించుకుంటాండాడని చెప్పు. తానం గూడ దానికేనని చెప్పు."

"తళుకులు గూడ పసరుకేనా?"

"ఏదో ఒకటి చెప్పప్పా! చేపలని మాత్రం చెప్పొద్దు. ఒట్టెయ్."

"ఒట్టేస్తే తక్కింది నా ఇష్టమేనా?"

"నీ ఇష్టం. చేపలు తప్ప ఏం చెప్పినా సరే."

"ఏం చెప్పినా సరేనా? మళ్ళా అనొద్దు."

"అనను."

"గుడిలో వాసవమ్మ మీద ఒట్టు. నా నోట్లోంచి చేపలన్న మాట రాదు. సాలునా?"

"సాలు."

"సిగ్నలు యాడుండాది ఈడ?"

"ఆ గుండు రాయి మీద నిలబడితే ఒగటో రెండో గీతలు వస్తాయి. మెల్లగ, పాచి ఉండాది."

"నా కాళ్ళ సంగతి నీకెందుకు? ...అలో. అక్కా. నేనే. ...ఆఁ, దొరికినాడు. నా ముందరనే ఉండాడు. ...కడపా లేదు, ఏం లేదు. అవుకులో. ...ఏడ్సద్దక్కా, చెప్పేది ఇను. నువ్వు అనుకున్నదే నిజం."

"ఏయ్, ఏం నిజం?"

"ఆఁ, ఉండాది. చూసినా, నా రెండు కండ్లతో."

"సుదర్శనూ! ఏం మాట్లాడుతాండావు?"

"నువ్వుండు బావా, నా ఇష్టమంటివి కదా. ...నీతో కాదక్కా. ...పేరా? స్వర్ణలత. డ్యాము కాడనే ఇల్లు. తానం ఆయమ్మ ఇంట్లోనే."

"ఎవర్రా స్వర్ణలత? యాడుండాదిరా ఇల్లు?"

"తళుకులు ఆయమ్మ చీరవే. ...ఊఁ. ...అడిగినా. వదలడంట. నిన్ను వదులుకునేదానికైనా సిద్ధమేనంట. రేపు పెద్దమనుషులతో అదే చెప్తాడంట. ...ఇంగ ఆ ఇంటి మొగం చూడొద్దక్కా. మెళ్ళో తాళి గూడ..."

"ఇయ్యిరా ఫోను! ఇయ్యి! వాసవీ! వాడు చెప్పేదంతా అబద్ధం వాసవీ! స్వర్ణలతా లేదు, ఎవరూ లేరు. చేపలు! నేను చేపలు పడ్తాండా! బుధవారం బుధవారం ఈ డ్యాము కాడికొచ్చి రబ్బరు పురుగేసి కొరమీన్లు పడ్తాండా. ఆ తళుకులు పురుగువి, ఆ వాసన పురుగుది. చేపను ముట్టుకున్నానని బోరింగు కాడ తానం చేసి వస్తాండా. మా నాయనకు చెప్పుకో, గుడిలో మైకులో చెప్పుకో, అంగట్లోంచి ఎల్లగొడితే ఎల్లగొట్టనీ. నువ్వు మాత్రం పోవద్దు. నువ్వు లేకుంటే నేను ఎవరి కోసం ఇంటికి పోవల్ల? అన్నం తిను వాసవీ. లేసి అన్నం తిను, నేను వస్తాండా. ...వాసవీ? పలకవేం? వాసవీ?"

"ఎట్ల పలుకుతాది బావా? ఫోను ఇంగా కలపనే లేదు. ఇట్ల ఇయ్యి, ఇప్పుడు కలుపుతా. ఆ మాటే మళ్ళా చెప్పు."