దొరసాని బావీ, దీనమ్మ మొండితనమూ

చర్చి వెనకాల రాతిబావి ఉంది చూశారూ, కుళాయిలొచ్చాక పాడుబడిపోయింది, దీపాలు పెట్టేవేళకి గొడ్లు కూడా అటు పోవు, ఆ బావి సంగతే చెప్తా, దగ్గరికి జరగండర్రా.

అసలు దాన్ని ఎవరు తవ్వించారనుకుంటున్నారు? జర్మనీ నుంచి వచ్చిన ఆల్బరత్తు దొరా, ఆయన భార్యా. అప్పట్లో మన పల్లెవాళ్ళు ఊరిబావి మీద చెయ్యి వెయ్యకూడదు, ఎవరో ఒకరు దయతలచి కడవలో పోసేదాకా ఎండలో నిలబడాల్సిందే. లూథరన్ గుడి కట్టడానికొచ్చిన దొర అది చూసి, గుడికంటే ముందు బావి తవ్వించాడు, దొరసాని కూడా మట్టితట్ట నెత్తికెత్తుకుందంట. ఆ తర్వాత మనవాళ్ళే రాళ్ళు మోసి గుడి లేపారు. దీనమ్మ అని, మొగుడు పోయిన మనిషి ఒకావిడ, ఆ రాళ్ళు మోసినదే, దొరసాని దగ్గర అక్షరాలూ పాటలూ నేర్చుకుంది.

ఆ తర్వాతేమైందీ, దొరసాని జ్వరమొచ్చి పోయింది, బావి పక్కనే పూడ్చారు. ఏడాది తిరక్కుండా ఎక్కడో యుద్ధమొచ్చింది, జర్మనీవాళ్ళు శత్రువులన్నారు, పోలీసులొచ్చి దొరని బండెక్కించి తీసుకుపోయారు, గుడికి తాళమేశారు. ఇక అక్కణ్ణుంచి మొదలైంది. పొద్దుగూకితే తెల్లటి ఆడమనిషి బావిగట్టు మీద కూచుంటోందని ఒకరూ, ఏదో భాషలో ఏడుస్తోందని ఒకరూ. చూసొచ్చినవాడొకడు మంచాన పడ్డాడు. ఇంకేముంది, పల్లె పల్లెంతా కడవలు పట్టుకుని మళ్ళీ ఊరిబావి కాడ ఎండలో నిలబడింది. మునసబు గోవిందప్పయ్యకి పండగే! తాళమేసిన ఆ గుడి దయ్యాలకొంపయింది, ఇంకెందుకు, పడగొట్టి ఆ రాళ్ళతో గొడ్లసావిడి కట్టుకుంటానన్నాడు.

దీనమ్మకి ఒళ్ళు మండింది. వద్దే వద్దే అని అందరూ కొంగు పట్టుకు లాగుతున్నా, ఆ సాయంత్రమే కడవ చంకనేసుకుని పోయింది. పోతే, ఉంది మరి దొరసాని! తెల్లబట్టలతో, బావిలోకి చూస్తా కూచుంది. దీనమ్మ కడవ గట్టు మీద పెట్టి అడిగేసింది.

“అమ్మగారూ, బతికున్నప్పుడు మా గొంతు తడిపారు. చచ్చాక మళ్ళీ మమ్మల్ని ఊరిబావి కాడికి తోలతారా? ఇదేం న్యాయం?”

దొరసాని తలెత్తి, వచ్చీరాని తెలుగులో, తానెవర్నీ తోలలేదనీ, గుడిలో పాట వినపడక నిద్రపట్టడం లేదనీ, తనని చూసి తన పిల్లల్లాంటి పల్లెవాళ్ళే పారిపోతే ఎట్లాగనీ అందంట.

అంతే, దీనమ్మ రాయి తీసుకుని గుడితాళం పగలగొట్టింది. తెల్లారి మునసబు గడ్డపారలతో మనుషుల్ని తెచ్చేసరికి గడప మీద అడ్డంగా కూచునుంది.

“లేవ్వే! సర్కారు తాళం పగలగొట్టావ్, జైలుకి పోతావ్.”

“పోతానయ్యా. ఈ రాళ్ళు నా నెత్తి మీద మోశాను. ముందు నన్ను తవ్వి, తర్వాత గోడ తవ్వండి.”

అని పాట ఎత్తుకుంది. రెండో చరణానికి, వెనకాల ఖాళీగుడిలోంచి ఇంకో ఆడగొంతు కలిసింది, జర్మనీ భాషలో! గడ్డపారలు అక్కడే పడున్నాయి, పట్టుకున్నవాళ్ళు లేరు. మునసబు ఒక్కడే పంచె ఎగ్గట్టి ఊళ్ళోకి నడిచాడు. దొరసాని తమ పక్షమేనని తెలిసిన పల్లెవాళ్ళు పట్టపగలు, పోతున్న ఆయనకి ఎదురుగానే కడవలతో వచ్చి బావిలో నీళ్ళు తోడుకున్నారు. దీనమ్మని ఠాణాలో రెండుపూటలు కూచోబెట్టారు, వదలగానే తిన్నగా వచ్చి మళ్ళీ గుడి తలుపులు తెరిచింది. అప్పణ్ణుంచి దానికి తాళమెయ్యడానికి ఎవడూ రాలేదు.

మీరు మటుకు పొద్దుగూకాక ఆ బావి వైపు పోకండి. గొంతు బాగోనివాళ్ళు అసలే పోకండి. పోతే దొరసాని పాట పాడమంటుంది, రాగం తప్పితే మొదటినించీ పాడిస్తుంది, అన్నంవేళకి ఇంటికి రాలేరు.