సున్నం గోడ మీద వెంట్రుక

1968. మిర్యాలగూడ బియ్యం మిల్లులో సావుకారు పళ్లెంలోని బియ్యాన్ని ఆగకుండా వేలితో కెలుకుతున్నాడు. భార్య అన్నం డబ్బా తెచ్చింది.

“మల్ల నల్ల వెంట్రుక! చెరిగే యాదమ్మను పొద్దున్నే పనిలకెల్లి తీసేసిన. అయినా పోతలేదు.”

“యాదమ్మ తల ముగ్గుబుట్టయి పదేండ్లాయె. నల్ల వెంట్రుక యాడికెల్లి వస్తది?”

“మరి ఇదేంది?”

“నాకేం కనపడ్తలేదు. జర ఆ సున్నం గోడ దిక్కు సూడుండ్రి.”

“గోడ మీద గూడ ఉన్నది! కన్ను తిప్పితే కదులుతున్నది.”

“సుగర్‌తోని కంటి నరం చిట్లి నెత్తురు కారుతది, అది నల్ల వెంట్రుక లెక్క కనపడ్తదని డాక్టరు చెప్పలేదా? నడువుండ్రి దవాఖానకు.”

“ఆగు. ముందుగాల యాదమ్మను పిలిపియ్యి.”

“ఇప్పుడెందుకు?”

“మాఫీ అడగాలె. చూపు పోకముందే, ఆమె మొఖం కనపడుతుండంగనే అడగాలె.”