ఎన్నిసార్లు చూస్తే నమ్మొచ్చు?

(బస్సు డ్రైవరు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూ, లెక్కల టీచరైన కూతురితో ఫోనులో మాట్లాడుతున్నాడు. బల్ల మీద బీపీ మెషీను.)

"అది కాదమ్మా, ఎన్నిసార్లు చూస్తే నమ్మొచ్చు? ఆ ఒక్క ముక్క చెప్పు."

"అంకెలు చెప్పకుండా ఎలా చెప్పను నాన్నా? ముందు కూర్చో. చెప్పుల చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది."

"కూర్చున్నా, కూర్చున్నా. నూట ఇరవై ఎనిమిది. నూట డెబ్భై రెండు. నూట ముప్పై ఒకటి. నూట అరవై తొమ్మిది. నూట ఇరవై ఆరు. నూట డెబ్భై నాలుగు. చాలా?"

"చాలవు. సగటు నూట యాభై వస్తోంది గానీ, ఇంత ఎగుడుదిగుడుగా ఉంటే దాన్ని నమ్మలేం. అయిదు అటూ ఇటూ అయితే నీకు పర్లేదా?"

"పర్లేదు, పర్లేదు."

"అయితే ఎనభై ఎనిమిదిసార్లు చూడాలి."

"ఎనభై...! చెయ్యి ఊడొస్తుందే! అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదూ?"

"అన్నీ ఒకేలా ఉడికితే చాలు. ఇక్కడ ఒకటి పలుకు, ఇంకోటి ముద్ద. అంకెలు ఎంత చెదిరితే అంత ఎక్కువసార్లు చూడాలి. ఆ అయిదు తేడా సగానికి తగ్గాలంటే నాలుగింతలు."

"వద్దు తల్లీ, అయిదే ఉండనీ."

"ఎందుకంత కంగారు? ఇంట్లో చూసి రాసుకెళ్ళే సగటు నూట నలభై దాటితే రేపు డిపో డాక్టరు బస్సు ఇవ్వనంటాడనేగా?"

"ఆ... అదే. అదే అనుకో."

"అనుకోవడమేంటి? ఆగాగు... ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ. వరసగా! మధ్యలో మెట్లెక్కి దిగుతున్నావా?"

"లేదు."

"కాఫీ తాగుతున్నావా?"

"లేదన్నానా!"

"నిజం చెప్పు. ఆ చెయ్యి నీదేనా?"

"ఇంకెవరిదవుతుందే?"

"నాన్నా!"

"ఒకసారి నాది. ఒకసారి... మీ అమ్మది."

"అయ్యో రామా! ఎందుకూ?"

"ఉద్యోగం పోతుందేమోనని భయం. మీ అమ్మ గుండ్రాయిలా ఉంటుంది కదా, జన్మలో మాత్ర మింగిన పాపాన పోలేదు. ఆవిడవి కలిస్తే సగటు కిందికి దిగుతుందని..."

"పట్టుబడితే ఏం చేస్తావ్? పరువూ పోతుంది, పనీ పోతుంది. ఏదీ, అమ్మకివ్వు ఫోను."

"పడుకుంది. తల పోటుగా ఉందట."

"ఉండదూ మరి, నీతో వేగలేక! సరే, అమ్మవి తీసేద్దాం. నూట డెబ్భై దాకా ఎగిరినవి నీవేగా? బెంగపడకు నాన్నా, దానికి మందులున్నాయి. సెలవు పెట్టి నేనొస్తా. వింటున్నావా?"

"కాదమ్మా. ఆ తక్కువవి నావి."