మాటల్లేని పాటకి మంజూరైన మాటలు

ఏదీ, ఆ ఫొటోనా? నడుముకి టోఫు కొట్టు ఏప్రాన్, చేతిలో గిటారు... అది మీ తాతే కదటే అమ్మాయ్, ఇసాబురో! మీ అమ్మ చెప్పలేదూ? దానికేం తెలుస్తుందిలే, అప్పటికి పళ్లే రాలేదు. కూర్చో, ఆ మెత్త లాక్కో. షోవా నలభై అనుకుంటా... కాదు కాదు, నలభై ఒకటి, అంటే ఇంగ్లీషు లెక్కలో 1966, మంచు బరువుకి మా కప్పు కూలిన ఏడు. జపాను దేశమంతా ఎలక్ట్రిక్ గిటారు పిచ్చే. పాడేవాడుండడు, మాటుండదు. తీగ మీద వేలు సర్రున జార్చితే టెకెటెకెటెకె... అంతే, ఒళ్లు ఝల్లుమనేది. కుర్రకారుకి పట్టిందంటే సరే. ముప్పై ఆరేళ్ల టోఫు వాడికి, పెళ్లాం, చంటిపిల్ల ఉన్నవాడికి పట్టడమేంటి, చోద్యం కాకపోతే! పొద్దున్నే సోయా పాలు కాచి, విరగ్గొట్టి, అచ్చుల్లో పోసి, అది గట్టిపడేలోగా వాయించేవాడు. బేరానికొచ్చిన ఆడాళ్లు గిన్నెలు పట్టుకుని అక్కడే నిలబడిపోయేవాళ్లు. మా కోళ్లు గుడ్లు మానేశాయని పక్కింటావిడ ఫిర్యాదు పెట్టింది. పిల్లలు పాడైపోతారని హెడ్మాస్టరు ఇంకోటి.

ఊరి కమిటీ పిలిచింది. నేను టౌన్ ఆఫీసులో గుమాస్తాని కదా, రాసుకోడానికి ఓ మూల కూర్చున్నా. చైర్మన్ మురాకోషి గారు ముక్కుతో మాట్లాడేవారు. 'ఇసాబురో, నీ పాఁట ఏఁమంటుంది?' 'ఏమీ అనదండి.' 'ఏఁమీ అనకపోతే అంత గోల దేనికి?' 'ఏమనాలో తెలిస్తే నోటితోనే అనేవాణ్ణి కదండీ, గిటారెందుకు కొంటాను?' సరే వాయించమన్నారు. వాయించాడు. చేపల సంఘం పెద్ద భోరుమన్నాడు, మునిగిపోయిన తన పడవ గురించట. హెడ్మాస్టరు ఎర్రబడిపోయి, 'ఇది ఆడవాళ్ల గురించి!' అన్నాడు. గుడి పూజారి, 'కాదు, నరకం. చాలా కరెక్టుగా ఉంది,' అన్నాడు. ఇక చూస్కో, చొక్కాలు పట్టుకున్నారు! గిటారు లాక్కుందామని సగం మంది. మీ తాత దాన్ని చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని వదల్లేదు. ఆఖరికి మురాకోషి గారే తీర్పు చెప్పారు. మాటల్లేని పాటని మంచో చెడో తేల్చలేం, కాబట్టి మాటలు రాయించండి, అవి మంచివైతే వదిలేద్దాం అని. ఎవరు రాస్తారు? అందరూ నా వంకే చూశారు! నా జన్మలో జనన మరణాలు తప్ప ఏం రాశాను? 'వేకువనే లేద్దాం, సోయా నానేద్దాం, ఊరిని బాగుచేద్దాం.' ఇదీ నేను రాసింది. కమిటీ వాళ్లు ఏడుగురూ ముద్రలు కొట్టారు. పాడక్కర్లేదు గానీ, వాయిస్తున్నంతసేపూ మనసులో ఆ మాటలే తలుచుకోవాలి. తలుచుకుంటున్నాడో లేదో శనివారం శనివారం తనిఖీ. తనిఖీ ఎవరు? నేనే!

నవ్వకే! ఎలాగంటే, మొహం చూసి. ఫారంలో 'తలుచుకుంటున్నాడు' అని రాసి ముద్ర కొట్టేవాణ్ణి. అసలు సంగతి వేరే ఉందిలే. మా అన్నయ్య కియోహారు యుద్ధంలో ఓడతో పాటే పోయాడు. ఎముకైనా రాలేదు, అస్థికల పెట్టెలో ఓ రాయి పెట్టి పంపారు. అమ్మ తట్టుకోలేదని ఇంట్లో వాడి పేరు ఎత్తేవాళ్లం కాదు. మీ తాత ఆ టెకెటెకె మొదలెట్టాడంటే, అన్నయ్య మేడ మెట్లు దడదడా దిగి వస్తున్నట్టే ఉండేది నాకు. ప్రతి శనివారం దిగి వచ్చేవాడు. నాలుగో ఏట ఆ ఉత్తర్వు రద్దయింది. రూలు ప్రకారం నోటీసు మా ఆఫీసు గోడకి అంటించాను, కాకపోతే కుక్కల లైసెన్సు నోటీసు కింద, ఎవరికీ కనబడకుండా. ఇక తనిఖీ లేదంటే ఏ మొహం పెట్టుకుని వెళ్తాను? ఇరవై రెండేళ్లు తనిఖీ చేశానే! ఆసుపత్రిలో, ఆఖర్న, మనసు ఊరుకోక, 'ఇసాబురో, ఆ ఉత్తర్వు ఎప్పుడో...' అన్నాను. 'నాలుగో ఏడేగా రద్దయింది,' అన్నాడు. 'కుక్కకి లైసెన్సు తీసుకుందామని వచ్చి చూశాను. చెబితే నువ్వు రావడం మానేస్తావని ఊరుకున్నా.'

...

ఆ ముల్లంగి ఊరగాయ అలా పెట్టుకు కూర్చున్నావేంటి, తిను.