నూలు మిల్లు కథ

నూలు మిల్లులో పని విరమించాక ముసలాయన తన జీవితం రాయసాగాడు. వంటింట్లో భార్య గొంతు తగ్గించి అడిగింది.

“ఏమయ్యా, నీ దగ్గు గురించి రాసుకో. మధ్యలో మిల్లు ఊసెందుకు?”

“దగ్గు అక్కడే కదే పట్టుకుంది.”

“అబ్బాయి ఇంకా అక్కడే చేస్తున్నాడు. మేనేజరు చదివితే వాడి ఉద్యోగం ఉంటుందా?”

“నావన్నీ కోడిగీతలు. ఎవడు చదువుతాడు?”

“వేళాకోళం కాదు. అబ్బాయి చూడకముందే చించెయ్యి.”

“వాడు చదివేశాడు.”

“అయ్యో! కోప్పడ్డాడా?”

“లేదు.”

“మరేమన్నాడు?”

“సెలవు మర్నాడు దూది గదిలో అడుగుపెట్టగానే ఛాతీ పట్టేసేదని రాశాను. అది చదివి, ‘నీకు ఏ వయసులో మొదలైంది నాన్నా?’ అని అడిగాడు.”

“వాడికెందుకట?”

ముసలాయన తల ఎత్తలేదు.

“నేనూ అడిగానే. చెప్పకుండా డ్యూటీకి వెళ్ళిపోయాడు.”