గేదె అడ్డమొచ్చింది

ఎమ్మెల్యే గారి సుమోని పొద్దున్నే ఆటోనగర్‌ షెడ్డు ముందు క్రేను దించిపోయింది. ముందు భాగం నుజ్జయింది. వెనకాలే ఆటోలో వచ్చిన డ్రైవరుకి మెకానిక్కు టీ ఇచ్చాడు.

“నిన్న టీవీలో డిటెక్టివ్ సీరియల్ చూశావా అన్నా?”

“లేదు భాయ్. ఏంటి కథ?”

“ఒక మంత్రి తన గుట్టు తెలిసినవాణ్ణి కారుతో గుద్ది చంపేసి, నేరం డ్రైవరు మీదికి నెడతాడు. ఇంతకీ మీ బండికేమైంది?”

“కూచిపూడి దగ్గర గేదె అడ్డమొచ్చింది. నేనే నడిపాను. పోలీసులడిగినా ఇదే చెబుతా.”

“గేదె కోసం పోలీసులెందుకొస్తారు? నిన్న అదే రోడ్డులో ఎవరో విలేకరిని గుద్ది చంపేశారని పేపర్లో ఉంది.”

“నీకెందుకయ్యా అవన్నీ? సాయంత్రానికి బండి కావాలన్నారు సారు.”

“ఆ మంత్రి ఎలా దొరికాడో తెలుసా? కారు సీటు వల్ల. డ్రైవరు పొట్టివాడు. సీటేమో బాగా వెనక్కి జరిపి ఉంది.”

“అయితే?”

“ఇందాక మీ బండిని లోపలికి తోయిద్దామని స్టీరింగు దగ్గర కూర్చున్నా. నాకు బ్రేకు అందలేదు. మనిద్దరిదీ ఒకటే పొడుగు. మీ సారు ఆరడుగులుంటారు కదన్నా.”

డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టాడు.

“మా వాడికి ఉద్యోగం వేయిస్తానన్నారు భాయ్. ఏడాదిలో బయటికొచ్చేస్తావన్నారు.”

“ఆ సీరియల్లో మంత్రి కూడా అలాగే అన్నాడు.”

“సీటు ముందుకి జరిపావా?”

“ఇంకా లేదు. జరపమంటావా?”

“వద్దు. బంపరు కూడా ముట్టుకోకు.”